గునపం ఉమ్ము చెప్పిన సంగతి

ఆవిడకి అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉండేదంటారు గానీ అది ఎప్పుడో ఉప్పునీళ్ళలో కొట్టుకుపోయింది. పేట మొత్తానికి ఆవిడ గునపం. రాళ్ళకి కరుచుకున్న ఆల్చిప్పల్ని ఊడదీసే పొట్టి ఇనుప గునపం ఆవిడ చేతిలో లేకుండా చూసినవాళ్ళు లేరు. పెళ్ళైన రోజున కూడా దాన్ని తెచ్చి గది తలుపు వెనక ఆనించిందట. మొగుడు మొదటిసారి గొంతు పెంచినప్పుడు తలుపు వైపు ఒక్క చూపు చూసిందట. అంతే, పాపం ఆ మనిషి పోయేదాకా గుసగుసగానే సంసారం చేశాడు.

నోరంటే మాత్రం అలాంటిలాంటి నోరు కాదు. ఆవిడ ఒడ్డున నిలబడి తుమ్మితే హార్బరులో ఓడలకి లంగర్లు ఊడేవి. పక్కింటి గోడకి పగులొస్తే అది ఫలానా తగాదా నాటిది, ఇది ఫలానా తగాదా నాటిది అని పేటవాళ్ళు వయసు లెక్కకట్టేవాళ్ళు.

ఆ పక్కిల్లు ఆడపడుచుది. ఆవిడ పేరు దూది. మాట మెత్తన, నడక మెత్తన, కోపమొస్తే కళ్ళనీళ్ళే తప్ప మాట రాదు. వదినా ఆడపడుచులిద్దరూ పేటలోనే పుట్టారు, పేటలోనే ముసలైపోయారు. ఇద్దరి పనీ ఒకటే. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి జరిగాక నల్లరాళ్ళ మీదకి దిగి ఆల్చిప్పలు ఊడదీయడం, బొరియల్లో చెయ్యి పెట్టి పీతల్ని లాగడం, రాతి చీలికల్లో దాక్కున్న ఆక్టోపస్‌ని చువ్వతో పొడిచి పట్టడం. గునపం అరికాలితో తడిమి నీళ్ళకింద ఏముందో చెప్పేసేది. దూది మోకాలి లోతు దాటితే వణికిపోయేది.

"మా తాతల తాతలు ఈ రాళ్ళ మీద తిరిగినప్పుడు సముద్రం ఇంకా చెంబెడు నీళ్ళే" అని గునపం కోతలు కోసేది. "మేం పక్కకి జరిగితే గదా అది ఇంత పెరిగింది!"

ఆ కోతలు బతికున్నన్నాళ్ళూ ఎక్కువగా విన్నది అత్తగారు. పోయాక కూడా ఆవిడకి విముక్తి లేదు. గునపం ఉండే ఒంటిగదిలో రేకుల కింద, ఉప్పు చారలు కట్టిన గోడకి అత్త ఫోటో ఉండేది. స్టవ్వు ముందు కూర్చుని గునపం రోజూ దానితో గొడవ పెట్టుకునేది. "ఏం అత్తా, ఇవాళ బుట్టెడు పట్టుకొచ్చా చూశావా? మీ కూతురు గుప్పెడు తెచ్చింది. ఎవరిది వేటాడే రక్తమో చెప్పు మరి."

అత్త ఏం చెబుతుంది!

పేటకి కష్టం గోడ రూపంలో వచ్చింది. ఓడలు బాగుచేసే కంపెనీ ఒకటి హార్బరుని పెంచుతూ పెంచుతూ నల్లరాళ్ళ దాకా వచ్చింది. ఒడ్డు పొడుగునా గోడ లేపి అటువైపు ఎవరూ రావద్దంది. పేట జనం పెద్దాఫీసరు దగ్గరికి పోయి మొత్తుకున్నారు. కంపెనీ మేనేజరు, చల్లటి గదిలో కూర్చుని కూడా చెమటలు పట్టే మనిషి, నవ్వాడు.

"వీళ్ళెక్కడి ఒడ్డు మనుషులండీ? హార్బరు పనికి కూలికొచ్చి స్థిరపడిపోయినవాళ్ళు. మొన్న మొన్న వచ్చారు."

ఆ మాటతో గునపానికి ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఇనుప గునపాన్ని ఆఫీసరు బల్ల మీద ఠంగున పెట్టింది. బల్ల అద్దం పగల్లేదు గానీ ఆఫీసరు మాత్రం సగం పగిలాడు.

"మొన్న వచ్చామా? మా రక్తం తీసి చూడండి! మేం పాతవాళ్ళం కాకపోతే ఈ గునపం సముద్రంలో పారేసి పేట వదిలి పోతా. అందరి ముందూ చెబుతున్నా."

దూది కొంగు లాగింది. "వదినా, అంత మాట ఎందుకే…"

"నువ్వు నోరు ముయ్యవే. నీకు రక్తమున్నా అది కూడా మెత్తగానే ఉంటుంది."

ఆఫీసరుకి రక్తం తీసి చూడమన్న మాట నచ్చింది. పక్క ఊళ్ళ ఒడ్డు మనుషుల దగ్గర ఉమ్ము పోగుచేసుకుంటూ తిరుగుతున్న పరిశోధన అమ్మాయి ఒకతె ఉందనీ, ఆవిడ చూసి చెప్పనీ అన్నాడు. వీళ్ళు ఒడ్డు వేటవాళ్ళే అని తేలితే గోడకి ఒక గేటు పెట్టాలి, పేటవాళ్ళని లోపలికి పోనివ్వాలి. తేలకపోతే లేదు.

పరిశోధన అమ్మాయి వచ్చింది. పొట్టి జుట్టు, పెద్ద కళ్ళద్దాలు, భుజాన సంచి. పేట పిల్లలకి ఆవిడ ఆ రోజునుంచే ఉమ్ములక్క. వలలు బాగుచేసే షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది.

"ఎన్నో వేల ఏళ్ళ కిందట కొంతమంది ఒడ్డు పట్టుకుని నడిచారని మా అనుమానం. ఆల్చిప్పలు, పీతలు తింటూ, ఒక తరం ఈ వంపు, ఇంకో తరం ఆ వంపు. అప్పుడు సముద్రం ఇంకా దిగువన ఉండేది. వాళ్ళు రాజేసిన పొయ్యిలు, వాళ్ళ ఎముకలు చాలావరకు ఇప్పుడు నీళ్ళకింద ఉండిపోయాయి. తవ్వి చూద్దామంటే కుదరదు. అందుకే మీ ఉమ్ము అడుగుతున్నా."

"ఉమ్ములో వాళ్ళెలా ఉంటారే తల్లీ?" అంది గునపం.

"తల్లి నుంచి బిడ్డకి ఒక పోగు వస్తుంది, పెద్దమ్మా. కొడుక్కీ వస్తుంది గానీ వాడి దగ్గరే ఆగిపోతుంది. కూతురు మాత్రం తన పిల్లలకి ఇస్తుంది. అలా ఇచ్చేటప్పుడు ఎప్పుడో ఒకసారి చిన్న తప్పు పడుతుంది. ఆ తప్పు ఇక్కడా ఉండి, ఎక్కడో దూరపు ఒడ్డునా ఉంటే, ఇద్దరూ ఒకే తల్లి పిల్లలని అర్థం. తప్పులు కలుపుకుంటూ పోతే వాళ్ళు నడిచిన దారి కనబడుతుంది."

"ఓహో, తప్పులు పట్టుకుని దారి వెతుకుతారన్న మాట. మా అత్త కూడా అదే పని చేసేది. ఎక్కడికీ చేరలేదు."

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు జనం.

ఉమ్ములక్క తలా ఒక చిన్న గొట్టం ఇచ్చింది. ఈ గీత దాకా ఉమ్మండి, ముందు ఏమీ నమలకండి అంది. గీత చిన్నదే గానీ నోరెండిపోయిన ముసలాళ్ళకి అది బావి తవ్వినంత పని. ఇంతలో ఆవిడకి ఫోను వచ్చి బయటికి వెళ్ళింది. జరగాల్సింది అప్పుడే జరిగింది.

పేటలో ఒక అలవాటుంది. కాటా దగ్గర కొనేవాడు వెలితి బుట్టని ముట్టుకోడు. అందుకని ఎవరి బుట్ట వెలితిగా ఉంటే పక్కవాళ్ళు తలా ఇంత పోసి నింపేస్తారు. అడగడాలుండవు, మొహమాటాలుండవు. చిన్నప్పట్నుంచీ చేతులకి అలవాటైన పని అది. గునపం ఒకసారి షెడ్డంతా కలయజూసింది. సగం గొట్టాలు వెలితి.

"ఏంటిది, ఇలా ఇస్తే తీసుకుంటుందా ఆ పిల్ల? నింపండి!"

ఇంక చూడాలి. చేపల మార్కెట్టు మీద పెద్దవాన పడ్డట్టు టపటపా ఉమ్మేశారు. దూది గొట్టంలో పక్కావిడ, పక్కావిడ గొట్టంలో ఆవిడ మరిది. గునపమైతే మొక్కలకి నీళ్ళు పెట్టినట్టు వరసన తిరిగి ఏ ఒక్కర్నీ వదల్లేదు. ఉమ్ములక్క లోపలికొచ్చేసరికి గొట్టాలన్నీ గీతకి సరిగ్గా నిండి ఉన్నాయి.

"ఇంత చక్కగా ఎవరూ ఇవ్వలేదు పెద్దమ్మా!"

"మా పేటలో వెలితి అనేది ఉండదమ్మా" అంది గునపం గడ్డం ఎత్తి.

కొన్నాళ్ళకి ఆ అమ్మాయి మొహం మాడ్చుకుని తిరిగొచ్చింది. ఒక్కో గొట్టంలో నలుగురైదుగురు దొరికారట. మగాళ్ళ గొట్టాల్లో ఆడవాళ్ళు, ఆడవాళ్ళ గొట్టాల్లో మగాళ్ళు. ఒక మనిషి మాత్రం అన్నిట్లోనూ ఉందట. అందరూ తలలు తిప్పి గునపాన్ని చూశారు.

"మరి నిండా ఇమ్మన్నావు కదే?" అంది గునపం, తనకేం తెలీనట్టు.

ఉమ్ములక్కకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆఖరికి రెండూ కలిసి ఎక్కిళ్ళొచ్చాయి. మేనేజరు మాత్రం దీన్ని పట్టుకుని పేట మోసం చేసిందని పెద్దాఫీసరు దగ్గర గంతులేశాడు. ఆ అమ్మాయే అడ్డుపడి, వాళ్ళకి సరిగ్గా చెప్పకపోవడం తన పొరపాటని ఒప్పుకుని, ఇంకోసారి అవకాశం తెచ్చింది. ఈసారి ఒక్కొక్కర్నే గదిలోకి పంపి, తలుపు దగ్గర తనే కాపలా కూర్చుంది. గునపాన్ని అందరికంటే ముందు పంపించి, మిగతావాళ్ళయ్యేదాకా టీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఫలితం చెప్పే రోజున షెడ్డు కిటకిటలాడిపోయింది. పెద్దాఫీసరు మనిషి వచ్చాడు, మేనేజరు రుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. ఉమ్ములక్క మొహం వెలిగిపోతోంది.

"ఈ పేట మొత్తంగా చూస్తే, చాలా పాత ఒడ్డు జనమే. ఇక్కడి తల్లుల పోగులు దూరదూరాల ఒడ్లలో దొరికినవాటితో కలుస్తున్నాయి. లోపలి ఊళ్ళలో అవి దాదాపు లేవు. నేను ఆఫీసులో ఇచ్చేది ఈ ఒక్క మాటే. ఎవరి సంగతి వాళ్ళకి కావాలంటే చెవిలో చెబుతా."

పేట హోరెత్తింది. మేనేజరు రుమాలు పిండుకున్నాడు. అక్కడితో ఇంటికి పోతే గునపం గునపమెలా అవుతుంది?

"చెవిలో దేనికే? దాపరికం మాకు లేదు. నాది పైకి చదువు. ఈ మేనేజరు కూడా విననీ."

ఉమ్ములక్క మొహంలో వెలుగు తగ్గింది. "వద్దు పెద్దమ్మా. మనిద్దరం తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాతేంటి? ఇప్పుడే. గట్టిగా!"

"పెద్దమ్మా, నా మాట విను…"

"చదువుతావా, ఆ కాగితం నేనే లాక్కోనా?"

ఆ అమ్మాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. "మీ అమ్మ వైపు పోగు ఒడ్డువాళ్ళది కాదు పెద్దమ్మా. లోపలి వైపు, గింజలు పండించుకునేవాళ్ళలో కనిపించేది. ఎప్పుడో మీ అవ్వల్లో ఒకరు అటునుంచి ఇటు వచ్చి ఉంటారు. కానీ ఇది ఒక్క పోగే, మీలో ఇంకా బోలెడంతమంది పూర్వీకులు…"

ఇంకెవరూ వినలేదు. వెనక నుంచి ఎవరో అడగనే అడిగారు, "మరి దూదిది?"

దూది బిక్కమొహంతో చెప్పమని తలూపింది.

"అన్నిటికంటే పాత కొమ్మ ఆవిడది."

దూది తప్పు చేసినదానిలా ఏడ్చేసింది. మేనేజరుకి మాత్రం చాలా రోజుల తర్వాత చెమట ఆరిపోయింది.

ఆ సాయంత్రం గునపం ఇంటికొచ్చి అత్త ఫోటో చూసింది. ఇన్నేళ్ళుగా మూతి బిగించుకున్న అత్త ఆ పూట పళ్ళన్నీ చూపించి నవ్వుతున్నట్టే ఉంది. ఫోటో తీసి గోడ వైపుకి తిప్పి పెట్టేసింది.

కొన్నాళ్ళకి గోడకి గేటు పెట్టారు. ఆ రాత్రి దూది గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంది.

"ఏం, మహారాణి గారు పేదింటికి వచ్చారు? లేచి నిలబడాలా?"

"ఊరుకో వదినా. నాకు ఈత కూడా రాదు. ఆ పాత కొమ్మేదో నా దగ్గరికొచ్చేసరికి విరిగిపోయినట్టుంది."

గునపానికి నవ్వొచ్చింది గానీ బయటికి రానివ్వలేదు.

"వదినా, మేనేజరు కార్డులిస్తున్నాడట. ఫోటో ఉన్న కార్డులు. గేటులోకి పోవాలంటే మెడలో అదే వేసుకోవాలట. నీకు మాత్రం…" దూది కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నీకివ్వడట. నువ్వు ఒడ్డు మనిషివి కాదని నువ్వే చదివించుకున్నావు కదా అంటున్నాడు. ఉమ్ములక్క వెళ్ళి దెబ్బలాడింది. పేట మొత్తానికి కలిపి చెప్పాను, మనిషి మనిషికీ కాదు అంది. దారి చూపించడానికి రక్తం చూశాను గానీ దారి మూసెయ్యడానికి కాదు అంది. అతను బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాడు."

గునపం మాట్లాడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ మాట్లాడకపోవడం అదే మొదలు. పేటలో కుక్కలు కూడా కంగారుపడ్డాయి. రాళ్ళ మీదకి పోకపోతే ఆవిడ చేసేదేముంది? ఈ చేతులకి వచ్చిన పని ఒక్కటే. అరికాళ్ళకి తెలిసిన నేల అదొక్కటే. మంచం మీద కూర్చుని తన పాదాలు చూసుకుంది. పగుళ్ళలో ఉప్పు దిగిన పాదాలు, చాపంత వెడల్పు. గింజలు పండించినవాళ్ళ పాదాలా ఇవి?

తెల్లారేసరికి గునపం మొహం మారిపోయింది. బుట్ట చంకనెత్తుకుని దూది తలుపు దబదబా బాదింది.

"ఏమే, లే! ఒక సంగతి తెలిసింది."

"ఏంటి వదినా?" దూది కళ్ళు నులుముకుంది.

"మీ అవ్వలు ఒడ్డునే పుట్టారు. పీతలు కాళ్ళ దగ్గరికొస్తే పట్టుకుని తిన్నారు. అందులో గొప్పేముంది? పుట్టినచోట ఎవరైనా బతుకుతారు. మా అవ్వని చూడు. ఇంట్లో గింజలున్నాయి, మెత్తటి నేల ఉంది. అవన్నీ వదిలేసి, ఈత రాకుండా, ఎవరూ పిలవకుండా, ఆ నల్లరాళ్ళ మీదకి దిగింది. ఎంత మొండిదై ఉండాలే అది! మీకు ఒడ్డు దొరికింది. మేం ఏరి తెచ్చుకున్నాం."

దూది రాత్రంతా వదిన కోసం ఏడ్చి తలనొప్పి తెచ్చుకుంటే, వదినేమో నిన్నటికంటే నాలుగింతలు పొగరుతో వచ్చి నిలబడింది.

గేటు దగ్గర పేట జనం కార్డులు మెడలో వేసుకుని వరసలో ఉన్నారు. గేటు మనిషి గునపాన్ని చూసి బెదిరిపోయాడు. "పిన్నీ, నన్ను ఇరికించకు. నీది లేదు."

మేనేజరు కావాలనే పొద్దున్నే వచ్చి కూర్చున్నట్టున్నాడు. "ఏమ్మా, పాతవాళ్ళం కాకపోతే గునపం సముద్రంలో పారేసి పోతానన్నావు. పెద్దాఫీసరు సాక్ష్యం. మాట మీద నిలబడు మరి."

"అన్నాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. నోరు నాది, మాట నాది. నా మాట నేను తీసుకుంటే మధ్యలో నీ సొమ్మేం పోయింది?"

"అలా కుదరదమ్మా. కార్డు లేనిదే…"

"మొదట ఈ ఒడ్డుకి నడిచొచ్చినవాళ్ళకి కార్డు ఎవడిచ్చాడయ్యా? నీ తాతా?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు జరిగింది వింత. దూది, అదే ఆ దూది, వరస దాటి వచ్చి గేటు మధ్యలో నిలబడి రెక్కని వీపుతో ఆపేసింది. గొంతు వణుకుతోంది గానీ మాట వస్తోంది.

"అందరికంటే పాతదాన్ని నేనేనట కదా. మీరే ఒప్పుకున్నారు. అయితే నా గడపలోకి ఎవర్ని రానివ్వాలో నేను చెబుతా. ఈమె మా వదిన. రా వదినా."

మేనేజరుకి మళ్ళీ చెమటలు. గేటు మనిషి ఆకాశంలోకి చూశాడు, ఏమీ కనబడనట్టు. ఒక్క అడుగు వేస్తే గునపం లోపల ఉంటుంది.

గునపం అడుగెయ్యలేదు. ఆడపడుచుని ఎగాదిగా చూసింది. కళ్ళలో తడి తిరిగిందంటారు కొందరు, ఉప్పుగాలి అంటుంది ఆవిడ.

"బాగా మాట్లాడావే. ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావు ఈ నోరు? కానీ నీ దయ మీద నేను రాను. ఇంకొకరి రక్తం నీడలో నడిచి వేటకి పోయే ఖర్మ నాకు లేదు. తప్పుకో."

అని వెనక్కి తిరిగి గోడ పక్కనే నీళ్ళవైపు నడిచింది. గోడ ఒడ్డు దిగి, సముద్రంలోకి కూడా పోయి, నడుం లోతు దాటాక ఆగిపోయింది. అంతకుమించి కట్టడానికి కంపెనీకి కూడా ధైర్యం చాల్లేదు. గునపం చీర మోకాళ్ళ పైకి బిగించి, బుట్ట నెత్తిన పెట్టుకుని, ఇనుప గునపం చేత్తో పట్టుకుని నీళ్ళలోకి దిగింది. అల ఒకటి వచ్చి ఛాతీ మీద కొట్టింది. అలకే దెబ్బ తగిలిందని చూసినవాళ్ళు ఒట్టేసి చెబుతారు. అరికాళ్ళతో తడుముకుంటూ, ఒక్కో రాయీ పట్టుకుంటూ, గోడ చివరిదాకా పోయి అటు తిరిగింది.

"అది గేటు కాదు! అటు రాకూడదు!" అని మేనేజరు గోడకి ఇటువైపు నుంచి అరుస్తున్నాడు.

"వదినా, ఆగు!" దూది మెడలోంచి కార్డు తీసి గేటు మనిషి చేతిలో పెట్టింది. మోకాలి లోతుకే వణికే మనిషి, గోడని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊళ్ళో దేవుళ్ళందరినీ తిట్టుకుంటూ నీళ్ళలోకి దిగిపోయింది. గునపం వెనక్కొచ్చి ఆవిడ జబ్బ పట్టుకుంది.

"కళ్ళు తెరువే! మీ అవ్వలు ఇలా నడిచే ఇక్కడిదాకా వచ్చారట."

"వాళ్ళకి పిచ్చి వదినా!"

వరసలో ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కాళ్ళనొప్పుల ముసలాళ్ళు, ఇంకొందరు గేటులోంచే పోయారు, వాళ్ళని ఎవరూ తప్పుపట్టలేదు. మిగతావాళ్ళు చీరలు, పంచెలు ఎగ్గట్టుకుని గోడ వెంట దిగారు. బుట్టలు నెత్తిన పెట్టుకుని వరసగా గోడ చుట్టూ తిరుగుతుంటే గేటు బార్లా తెరుచుకుని వెలవెలబోయింది.

ఇప్పటికీ అదే దారి. పేట మొత్తానికి కలిపి చెప్పిన మాటే అసలు మాట అని ఉమ్ములక్క పెద్దాఫీసరుకి రాసింది. ఆయన ఆలోచిస్తున్నాడు, ఆయన ఆలోచన మా పోటు ఆటులాంటిది కాదు, వస్తే ఎప్పుడొస్తుందో తెలీదు. మేనేజరు మాత్రం రోజూ గోడ చివర నిలబడి బూట్లు తడుపుకుంటున్నాడు. మొన్న ఓపిక పోయి, గోడని సముద్రంలో ఇంకా లోపలికి కట్టిస్తానని బెదిరించాడట.

గునపం నల్లరాయి మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఆల్చిప్ప ఊడదీస్తూ అరిచింది.

"కట్టించు నాయనా! నీ ఓపికున్నంత దూరం కట్టించు. నువ్వు ఎక్కడ ఆపితే మేం అక్కడ తిరుగుతాం!"